ప్రశ్నలు – జవాబులు: పాత వెర్షన్ వాడుతున్నవారికి ఏ పేజీ చూపించాలి?

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల డాక్యుమెంటేషన్‌ను వెర్షన్ల వారీగా ఎక్కడ ఉంచాలి, ఎలా ఉంచాలి అన్న విషయంపై ఇటీవల ఉత్తరాలు ఎక్కువగా వచ్చినందున, ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము. ప్రశ్నలను స్థలాభావం వల్ల కొంత కుదించాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలలో ఒకదాన్ని మాత్రమే ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: మేము నలుగురం కలిసి పైథాన్‌లో ఒక చిన్న లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకొనే కోడ్) రాసి, రెండేళ్ల క్రితం 1.0గా విడుదల చేశాము. ఈమధ్య 2.0 విడుదల చేస్తూ కొన్ని ఫంక్షన్ల పేర్లు మార్చాము, డాక్యుమెంటేషన్‌ను కూడా అందుకు తగినట్టు తిరగరాశాము. ఆ మరుసటి వారం నుంచే 1.0 వాడుతున్నవారు, సైటులో చెప్పినట్టు చేస్తే తమ దగ్గర పనిచేయడం లేదని రాస్తున్నారు. అందరినీ 2.0కు మారమనడం తప్ప మరో మార్గం ఉందా? — ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఉంది. పైగా, మారమని చెప్పడం చాలా సందర్భాలలో మార్గమే కాదు. మీ లైబ్రరీని వాడుతున్న వ్యక్తి తన ఇష్టం కొద్దీ 1.0లో ఉండిపోయి ఉండకపోవచ్చు. ఆయన వాడే మరో లైబ్రరీ 1.0 మీదే ఆధారపడి ఉండవచ్చు, లేదా ఆయన కార్యాలయంలోని సర్వరు మీద కొత్తవి ఎక్కించడానికి అనుమతి లేకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌ను మీరు విడుదల చేసినా, దాన్ని ఎప్పుడు మార్చుకోవాలన్నది నిర్ణయించేది వాడేవారే. అందువల్ల మీరు 2.0 డాక్యుమెంటేషన్‌ను పాత దాని మీద ఎక్కించిన రోజున, ఆయన చేతిలోని సాఫ్ట్‌వేర్ మారకుండానే దాని వివరణ మాత్రం మాయమైంది.

దీనికి పరిష్కారం చిరునామాలోనే ఉంది. డాక్యుమెంటేషన్ చిరునామాలో వెర్షన్ సంఖ్య ఒక భాగంగా ఉండాలి. పైథాన్ భాష డాక్యుమెంటేషన్‌నే తీసుకోండి. డాక్స్ డాట్ పైథాన్ డాట్ ఆర్గ్ అనే చిరునామా తర్వాత ఏటవాలు గీత పెట్టి 3.12 అని రాస్తే 3.12 డాక్యుమెంటేషన్, 3.9 అని రాస్తే 3.9 డాక్యుమెంటేషన్ వస్తాయి. కేవలం 3 అని రాస్తే, మూడో తరంలో ఆనాటికి స్థిరంగా ఉన్న తాజా వెర్షన్ వస్తుంది. పేజీ పైభాగంలో ఉన్న పెట్టెలోంచి ఒక వెర్షన్ నుంచి మరో వెర్షన్‌కు వెళ్లవచ్చు. వెబ్‌సైట్ల తయారీకి వాడే జాంగో ప్రాజెక్టు కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది; పైగా భద్రతా సవరణలు ఆగిపోయిన వెర్షన్ పేజీ తెరిస్తే, అది సురక్షితం కాదని, కొత్తదానికి మారమని పేజీ మీదే హెచ్చరిస్తుంది.

అంటే మీకు రెండు రకాల చిరునామాలు కావాలి. సంఖ్య ఉన్న చిరునామా ఎప్పటికీ మారకూడదు; 1.0 అని రాసి ఉన్న చోట పదేళ్ల తర్వాత కూడా 1.0 గురించే ఉండాలి. సంఖ్య లేని చిరునామా మాత్రం కాలంతో పాటు ముందుకు జరుగుతుంది. ఈ రెండో రకానికి సాధారణంగా రెండు పేర్లు వాడుతున్నారు. స్టేబుల్ అంటే చివరిగా విడుదలైన వెర్షన్. లేటెస్ట్ అంటే ఇంకా విడుదల కాకుండా ప్రధాన బ్రాంచిలో, అంటే కోడ్ పని నడిచే ప్రధాన శాఖలో, తయారవుతున్నది. ఈ లేటెస్ట్ అనే మాట కొత్తవారిని తరచుగా తికమక పెడుతుంది. తాజాగా విడుదలైనదే లేటెస్ట్ అనుకొని అందులో చూసిన ఫంక్షన్‌ను వాడబోతారు. అది తమ కంప్యూటరులోని వెర్షన్‌లో ఇంకా రాలేదని తెలియక సతమతమవుతారు. జాంగోవారు ఆ అభివృద్ధి దశకు డెవ్ అని పేరు పెట్టుకున్నారు. నా ఉద్దేశంలో అదే మెరుగైన పేరు.

ఇక ఈ వెర్షన్లు ఎక్కడినుంచి వస్తాయన్న విషయం. డాక్యుమెంటేషన్ మూలపాఠం కోడ్ ఉన్న గిట్ రిపాజిటరీలోనే (మార్పుల చరిత్రతో సహా కోడ్‌ను దాచే చోటులోనే) ఉంటే, మీరు 1.0 విడుదల చేసిన రోజున ఆనాటి స్థితికి గుర్తుగా పెట్టిన ట్యాగ్‌లో ఆనాటి డాక్యుమెంటేషన్ కూడా భద్రంగా ఉంది. దాన్ని తిరిగి బిల్డ్ చేసి, అంటే మూలపాఠం నుంచి వెబ్ పేజీలుగా తయారుచేసి, పెడితే చాలు. అయితే ట్యాగ్ కదలదు. 1.0 డాక్యుమెంటేషన్‌లో ఒక ఉదాహరణ తప్పుగా ఉందని రేపు తెలిస్తే ట్యాగ్‌లో దిద్దలేరు, దిద్దకూడదు కూడా. అందుకోసం 1.x అనే పేరుతో ఒక బ్రాంచిని ఆ ట్యాగ్ నుంచి తీసి, 1.0 డాక్యుమెంటేషన్‌ను ఆ బ్రాంచి నుంచి బిల్డ్ చేయండి. కోడ్‌కు కొత్త విడుదల అవసరం లేకుండానే వివరణలోని తప్పును సవరించుకోగలుగుతారు.

మీరు ఇప్పటికే ఒక పొరపాటు చేశారు కనుక దాని దిద్దుబాటు కూడా చెప్పాలి. మీ సైటులో ఇంతకాలం వెర్షన్ సంఖ్య లేని చిరునామాలు ఉన్నాయి. వాటికి బయట ఎందరో లింకులు ఇచ్చి ఉంటారు. పైథాన్‌వారికి ఇదే చిక్కు వచ్చింది. వెర్షన్ సంఖ్య లేని పాత లింకులన్నీ పైథాన్ 2 గురించి రాసినవి కాగా, ప్రధాన పేజీ మాత్రం పైథాన్ 3ను చూపించవలసిన కాలం వచ్చింది. 2012లో రాసిన పెప్ 430 అనే ప్రతిపాదన ఆ చిక్కును ఇలా విప్పింది: ముఖద్వారం మాత్రమే మూడుకు తిరుగుతుంది, లోపలి పేజీలకు ఉన్న పాత లింకులు రెండులోని అవే పేజీలకు మళ్లుతాయి. మీరు కూడా లోపలి పాత చిరునామాలను 1.0కు మళ్లించండి, ముఖద్వారాన్ని 2.0కు తిప్పండి. ఆ లింకులు రాసినవారు ఏ వెర్షన్‌ను ఉద్దేశించారో ఆ వెర్షన్‌నే చదువరి చూస్తాడు.

ప్రశ్న: మా ప్రాజెక్టుకు డబ్బు రాదు, కనుక ఖర్చు పెట్టలేము. డాక్యుమెంటేషన్‌ను ఉంచడానికి రీడ్ ద డాక్స్ అనే సేవ మంచిదా, గిట్‌హబ్ పేజెస్ మంచిదా? సొంత సర్వరు తీసుకోవడం మేలని ఒక మిత్రుడు అంటున్నాడు. — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: సొంత సర్వరు సంగతి ముందు తేల్చేద్దాం. డాక్యుమెంటేషన్ అంటే కేవలం కొన్ని హెచ్‌టీఎంఎల్ ఫైళ్లు. వాటిని వడ్డించడానికి ఏ సర్వరైనా సరిపోతుంది. కానీ ఆ సర్వరుకు నెలనెలా అద్దె కట్టేది ఒకరే అయితే, ఆయన ఉద్యోగం మారిన ఏడాదో, ఆసక్తి తగ్గిన ఏడాదో సైటు మూతపడుతుంది. ప్రాజెక్టు వెనుక ఒక సంస్థ ఉంటే తప్ప ఆ దారిలో వెళ్లవద్దు.

మిగిలిన రెండింటి మధ్య తేడా ఖర్చులో లేదు. వెర్షన్లను ఎవరు గుర్తుపెట్టుకుంటారన్న దానిలో ఉంది. రీడ్ ద డాక్స్ 2010లో జాంగో డ్యాష్ అనే నలభై ఎనిమిది గంటల పోటీలో పుట్టింది. ఎరిక్ హోల్షర్, చార్ల్స్ లీఫర్, బాబీ గ్రేస్ దాన్ని మొదలుపెట్టారు. అప్పటికే జార్జ్ బ్రాండ్ల్ రాసిన స్ఫింక్స్ అనే సాధనం, 2008 నుంచి పైథాన్ లోకంలో డాక్యుమెంటేషన్ తయారీకి అందుబాటులో ఉంది. తయారైనదాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అప్పటి సమస్య. రీడ్ ద డాక్స్ మీ రిపాజిటరీని గమనిస్తూ, మీరు మార్పు పంపిన ప్రతిసారీ తన సర్వర్ల మీద తానే బిల్డ్ చేసి ప్రచురిస్తుంది. వెర్షన్ అనే భావన దాని నిర్మాణంలోనే ఉంది. ప్రతి బ్రాంచి, ప్రతి ట్యాగ్ ఒక వెర్షన్ కాగలదు, ఏవి పైకి కనిపించాలో మీరు ఎంచుకుంటారు. ట్యాగ్ పేర్లు 1.4.2 వంటి వెర్షన్ సంఖ్యల రూపంలో ఉంటే, వాటిలో పరీక్షా విడుదలలను మినహాయించి అన్నిటికంటే పెద్దదాన్ని స్టేబుల్‌గా తానే గుర్తిస్తుంది. మీ ట్యాగ్‌కు సంక్రాంతి విడుదల అని పేరు పెడితే మాత్రం అది గుర్తించదు.

అక్కడ కొత్తవారు పట్టించుకోని ఒక అమరిక ఉంది. ముఖద్వారం మొదట లేటెస్ట్ వైపు చూపిస్తుంది. దాన్ని స్టేబుల్‌కు మార్చుకోవలసినది మీరే. రిపాజిటరీలో రీడ్ ద డాక్స్ కోసం యామల్ ఆకృతిలో ఒక అమరికల ఫైలు ఉండటం కూడా 2023 సెప్టెంబరు నుంచి తప్పనిసరి అయింది. అందువల్ల అంతకుముందు రాసిన సూచనలను చూసి చేసేవారికి బిల్డ్ మొదట్లోనే ఆగిపోతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు సేవ ఉచితం, బదులుగా పేజీల మీద ప్రకటనలు వస్తాయి. అవి చదువరిని వెంటాడి గూఢచర్యం చేసే రకం కావు, పేజీలోని విషయాన్ని బట్టి వచ్చేవి. అది నాకు ఆమోదయోగ్యంగానే తోచింది. మీకు నచ్చకపోతే అది మీ ఇష్టం.

గిట్‌హబ్ పేజెస్‌కు వెర్షన్ అంటే ఏమిటో తెలియదు. మీరు ఇచ్చిన ఫైళ్లను ఇచ్చినట్టే వడ్డిస్తుంది. వెర్షన్ల కోసం ఒక్కో ఫోల్డరు పెట్టడం, ఎంపిక పెట్టెను తయారుచేయడం, స్టేబుల్‌ను ప్రతి విడుదలకూ ముందుకు జరపడం మీ పని. స్ఫింక్స్ లాంటి మరో సాధనమైన ఎమ్‌కేడాక్స్ వాడేవారికి మైక్ అనే చిన్న సాధనం ఈ చాకిరీ చేసిపెడుతుంది. అది ఒక్కో వెర్షన్‌ను ఒక్కో ఫోల్డరుగా ప్రచురణ బ్రాంచిలో చేర్చి, వెర్షన్ల జాబితాను ఒక జేసన్ ఫైలులో రాసి పెడుతుంది. ఫేస్‌బుక్ 2017లో విడుదల చేసిన డాక్యుసారస్ మరో దారి పడుతుంది: కొత్త వెర్షన్ తీయమంటే, మూలపాఠం మొత్తాన్ని వెర్షన్ పేరున్న ఫోల్డరులోకి నకలు చేస్తుంది. దీనిలో పాత వెర్షన్లను దిద్దడం సులభమే గానీ, ప్రతి బిల్డ్‌లో అన్ని వెర్షన్లూ తిరిగి తయారవుతాయి కనుక వెర్షన్లు పెరిగేకొద్దీ నిరీక్షణ కూడా పెరుగుతుంది. చాలా ప్రాజెక్టులకు వెర్షన్ల అవసరమే ఉండదని ఆ సాధనం డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

గిట్‌హబ్ పేజెస్‌లో ప్రచురించిన సైటు 1 గిగాబైటు మించకూడదు. నెలకు 100 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్ దాటితే అభ్యంతరం చెప్పవచ్చు. రెండో పరిమితిని చిన్న ప్రాజెక్టు చేరదు. మొదటిదాన్ని మాత్రం బొమ్మలున్న డాక్యుమెంటేషన్ ఇరవై ముప్ఫై వెర్షన్లకే చేరగలదు, ఎందుకంటే ప్రతి వెర్షన్‌లోనూ అవే బొమ్మలు, అవే ఫాంట్లు, అదే శోధన సూచిక మళ్లీ మళ్లీ నిల్వ అవుతాయి. ఇంకొక చిన్న ఉచ్చు గురించి కూడా చెబుతాను. స్ఫింక్స్ తన అలంకరణ ఫైళ్లను కిందిగీతతో మొదలయ్యే ఫోల్డరులో పెడుతుంది. గిట్‌హబ్ పేజెస్ వెనుక ఉన్న జెకిల్ అనే సైటు తయారీ సాధనం అలాంటి ఫోల్డర్లను వదిలేస్తుంది. ఫలితంగా అక్షరాలు మాత్రమే ఉండి రంగూ రూపమూ లేని పేజీ వస్తుంది. చుక్కతో మొదలయ్యే నోజెకిల్ అనే ఖాళీ ఫైలును సైటు పైస్థాయి ఫోల్డరులో పెడితే సమస్య తీరిపోతుంది. ఈ ఒక్క ఫైలు తెలియక నేను ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను.

మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే: స్ఫింక్స్ లేదా ఎమ్‌కేడాక్స్ వాడుతూ, రెండు మూడు వెర్షన్లను కొనసాగించబోతుంటే రీడ్ ద డాక్స్. ఇప్పటికే గిట్‌హబ్‌లో అన్ని పనులూ యంత్రానికి అప్పగించి, బిల్డ్ మీద పూర్తి అధికారం మీ చేతిలోనే ఉండాలనుకుంటే పేజెస్. ఏది ఎంచుకున్నా, వీలైతే సొంత డొమైన్ పేరును ముందే తగిలించండి. తర్వాత హోస్టింగ్ మార్చినా చదువరి చిరునామా మారదు. అయితే ప్రాజెక్టును ఎత్తివేసినప్పుడు డీఎన్ఎస్‌లో (డొమైన్ పేర్ల పట్టికలో) మీ పేరును హోస్టింగ్‌కు కలిపే సీనేమ్ నమోదును కూడా తీసివేయడం మరవకూడదు. ఖాళీ అయిన ఆ చోటును మరొకరు తన పేరుమీద తీసుకొని, మీ డొమైన్ మీద తనకు తోచినది పెట్టగలడు.

ప్రశ్న: మా డాక్యుమెంటేషన్‌లో 3.2 ఉండగా, గూగుల్‌లో వెతికితే ఇప్పటికీ 1.6 పేజీలే ముందు వస్తున్నాయి. పాతవాటిని తీసేయమని బృందంలో కొందరు అంటున్నారు. — ఒక ప్రాజెక్టు నిర్వాహకురాలు, విశాఖపట్నం

జవాబు: తీసేయవద్దు. 1.6 పేజీలు ముందు రావడానికి కారణం అవి ఎక్కువకాలం ఉండటం, ఎక్కువమంది లింకులు ఇవ్వడం. వాటిని తీసేస్తే ఆ లింకులన్నీ తెగి, మీరు సంపాదించుకున్న ఆదరణ కూడా వాటితోపాటే పోతుంది.

చేయవలసింది ఏమిటంటే, పాత వెర్షన్‌లోని ప్రతి పేజీ తలభాగంలో ఒక కెనానికల్ లింకు పెట్టి, ఈ విషయానికి అసలు చిరునామా స్టేబుల్‌లోని ఫలానా పేజీ అని సెర్చ్ ఇంజిన్‌కు తెలియజేయడం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డాక్యుమెంటేషన్‌ను గమనించండి. ఆ ప్రాజెక్టు ఏటా ఒక ప్రధాన వెర్షన్ విడుదల చేసి, ఒక్కోదాన్ని ఐదేళ్లు ఆదరిస్తుంది (అంటే దానికి సవరణలు అందిస్తుంది) కనుక ఒకే పేజీకి ఎన్నో రూపాలు ఉంటాయి. కరెంట్ అనే సంఖ్యలేని చిరునామా తాజాదాన్ని చూపిస్తుంది. ప్రతి పేజీ పైన ఆదరణలో ఉన్న వెర్షన్లు ఒక వరుసలో, ఆదరణ ముగిసినవి వేరొక వరుసలో కనిపిస్తాయి. మీరు బయట ఎక్కడ లింకు ఇచ్చినా, అంటే రీడ్‌మీ ఫైలులో గానీ ఉపన్యాసాల స్లైడ్లలో గానీ, సంఖ్య లేని చిరునామానే ఇవ్వడం అలవాటు చేసుకోండి. ఒక వెర్షన్‌కే సంబంధించిన విషయమైతే మాత్రం సంఖ్యతో ఇవ్వాలి.

కెనానికల్ లింకు సెర్చ్ ఇంజిన్‌కు సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. ఫలితం కనబడటానికి వారాలు పట్టవచ్చు. తొందరపడి చాలామంది చేసే పని ఒకటుంది: సెర్చ్ ఇంజిన్లు ఏ పేజీలు తెరవకూడదో చెప్పే రోబోట్స్ ఫైలులో పాత వెర్షన్లను నిషేధించి, అదే సమయంలో పేజీలలో నో ఇండెక్స్ (ఫలితాలలో చూపవద్దు) అని కూడా రాస్తారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు. పేజీని తెరవవద్దని నిషేధించాక, అందులో రాసిన నో ఇండెక్స్‌ను గానీ, కెనానికల్ లింకును గానీ సెర్చ్ ఇంజిన్ చదవలేదు. బయటి లింకుల వల్ల చిరునామా ఫలితాలలో అలాగే మిగిలిపోతుంది, కాకపోతే కింద వివరణ ఉండదు. కనుక నిషేధం ఎత్తివేసి, కెనానికల్ ఒక్కటే పెట్టి వేచి ఉండండి.

ఈలోగా 1.6 పేజీకి వచ్చినవారికి పైన ఒక పట్టీ కనిపించాలి. ఇది పాత వెర్షన్ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, కొత్త వెర్షన్‌లోని అదే పేజీకి లింకు ఇవ్వండి. పేజీ పేరు మారి ఉంటే ఆ మళ్లింపును మీరే రాసి పెట్టాలి. లింకు నొక్కినవారిని ముఖద్వారం దగ్గర వదిలేస్తే, అక్కడినుంచి మళ్లీ వెతుక్కోవడం ఇష్టంలేక తిరిగి 1.6కే వెళ్లిపోతారు.

ప్రశ్న: మా రిపాజిటరీలో 43 ట్యాగ్‌లు ఉన్నాయి. అన్నిటికీ డాక్యుమెంటేషన్ ఉంచాలా? — వరంగల్

జవాబు: అక్కరలేదు. 2.3.1, 2.3.2, 2.3.3 మధ్య మారేవి లోపాల సవరణలే అయితే, ఆ మూడింటికీ 2.3 అనే ఒకే డాక్యుమెంటేషన్ చాలు. మధ్యలో చిన్న తేడా వస్తే, ఫలానా వెర్షన్ నుంచి అని ఆ పేరా దగ్గరే గుర్తు పెట్టవచ్చు. స్ఫింక్స్‌లో కొత్తగా వచ్చినవాటికీ, మారినవాటికీ, తీసివేయబోతున్నవాటికీ వేర్వేరు గుర్తులు సిద్ధంగా ఉన్నాయి. ఈ లెక్కన మీ 43 బహుశా ఏడెనిమిదికి దిగుతాయి.

ఆ ఏడెనిమిదిలో కూడా ఎన్నిటికి దిద్దుబాట్లు చేయగలరో నిజాయితీగా లెక్క వేసుకోండి. నేను పాటించే కొలత అదే: ఒక తప్పు తెలిసినప్పుడు ఎన్ని బ్రాంచీలలో దాన్ని దిద్దే ఓపిక మాకుందో, ఎంపిక పెట్టెలో అన్ని వెర్షన్లే ఉంటాయి. ఇద్దరు ముగ్గురు నడిపే ప్రాజెక్టులో అది సాధారణంగా రెండు దాటదు. మిగతావి పెట్టెలోంచి తొలగుతాయి గానీ వాటి చిరునామాలు పనిచేస్తూనే ఉంటాయి. పాత వెర్షన్లు అనే ఒక పేజీలో వాటి జాబితా ఉంటుంది. వాడేవారి వెర్షన్ తెలియనప్పుడు ఏడెనిమిది వరుసల పెట్టె వారికి ఒక పరీక్షలా తయారవుతుంది. తమ దగ్గర ఉన్నది ఏ వెర్షనో తెలుసుకొనే కమాండును మొదటి పేజీలోనే రాయడం, ఎంపిక పెట్టెకు ఎన్ని హంగులు చేసినా అంతకంటే ఎక్కువ ఉపకారం.

అసలు మీ ప్రాజెక్టు ఒక వెబ్‌సైటో, అందరూ ఎప్పుడూ తాజాదే వాడే సాధనమో అయితే వెర్షన్లే వద్దు. రీడ్ ద డాక్స్‌లో కూడా చిరునామాలో వెర్షన్ లేకుండా ఒకే ప్రతిని నడిపే అమరిక ఉంది.

ప్రశ్న: నాలుగేళ్ల క్రితపు వెర్షన్‌లో ఒక అక్షరదోషం దిద్ది మళ్లీ బిల్డ్ చేస్తే, మేము ముట్టుకోని చోట ఏదో ఇంపోర్ట్ దోషం చూపి ఆగిపోతోంది. పాత పేజీలు కూడా పోతాయేమోనని భయంగా ఉంది. — తిరుపతి

జవాబు: మీ మూలపాఠం మారలేదు గానీ దాన్ని బిల్డ్ చేసే సాధనాలు మారాయి. ఉదాహరణకు 2022 మార్చిలో జింజా టెంప్లేట్ లైబ్రరీ 3.1 వెర్షన్ వచ్చినప్పుడు, అందులోంచి కొన్ని పాత పేర్లను తొలగించారు. ఆ పేర్ల మీద ఆధారపడిన పాత స్ఫింక్స్ వెర్షన్లు ఆ రోజు నుంచి మొదలు కాకుండానే ఆగిపోసాగాయి. స్ఫింక్స్ ఏ వెర్షనో రాసిపెట్టుకొని, అది ఆధారపడిన జింజా వెర్షన్‌ను రాసిపెట్టని ప్రాజెక్టులన్నీ అలా చిక్కుకున్నాయి. మీది కూడా ఆ తరహాదే కావచ్చు.

డాక్యుమెంటేషన్ బిల్డ్‌కు వాడే ప్రతి ప్యాకేజీని, దాని కింద ఉన్నవాటితో సహా, ఖచ్చితమైన వెర్షన్ సంఖ్యలతో ఒక ఫైలులో రాసి, విడుదల రోజునే రిపాజిటరీలో చేర్చాలి. పైథాన్ వెర్షన్ కూడా అందులో భాగమే. ఇప్పుడు మీరు చేయగలిగింది, ఆ విడుదల తేదీ నాటికి ఉన్న వెర్షన్లను ప్యాకేజీల విడుదల చరిత్ర చూసి ఒక్కొక్కటిగా నిర్ణయించుకోవడం. విసుగు పుట్టించే పనే గానీ ఒకసారి చేస్తే చాలు.

ఇంకా ముఖ్యమైనది, తయారైన హెచ్‌టీఎంఎల్‌ను మూలపాఠంతో సమానంగా చూడటం. ఆదరణ ముగిసిన వెర్షన్‌ను మళ్లీ బిల్డ్ చేయవలసిన అవసరం రాకూడదు. చివరి బిల్డ్ ఫలితాన్ని జిప్ చేసి, ఆ విడుదలకు జతగా పెట్టండి. మైక్ వంటి సాధనాల రూపకల్పనలో ఉన్న తెలివి ఇదే. ఒకసారి ప్రచురించిన ఫోల్డరును అవి మళ్లీ ముట్టుకోవు. హెచ్‌టీఎంఎల్ ఫైలుకు ఆధారపడే లైబ్రరీలు లేవు. పదేళ్ల తర్వాత కూడా బ్రౌజరులో తెరుచుకుంటుంది.

ప్రశ్న: నేను రస్ట్ భాషలో రాస్తాను. ఇవన్నీ నాకు కూడా అవసరమా? — గుంటూరు

జవాబు: చాలావరకు అవసరం లేదు. మీరు రస్ట్ ప్యాకేజీల నిలయమైన క్రేట్స్ డాట్ ఐఓలో ప్రచురించిన ప్రతి వెర్షన్‌కూ డాక్స్ డాట్ ఆర్ఎస్ దానంతట అదే డాక్యుమెంటేషన్ తయారుచేసి ఉంచుతుంది. పాత వెర్షన్ పేజీలో తాజాదానికి లింకు కూడా చూపిస్తుంది. ఎలిక్సిర్‌వారికి హెక్స్‌డాక్స్, గో భాషవారికి పీకేజీ డాట్ గో డాట్ డెవ్ దాదాపు ఇదే పని చేస్తాయి. అవి ముఖ్యంగా చూసేది ఫంక్షన్ల వివరణనే. పాఠాల రూపంలో మార్గదర్శిని రాయదలచుకుంటే పై జవాబులు మీకూ వర్తిస్తాయి.

ప్రశ్న: మా బృందం ఒక ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌ను తెలుగులోకి తెస్తోంది. వెర్షన్లు, భాషలు కలిస్తే ఎలా సర్దుకోవాలి? ప్రింటు తీసుకొనేందుకు పీడీఎఫ్ కావాలని కూడా విద్యార్థులు అడుగుతున్నారు. — అధ్యాపకురాలు, కరీంనగర్

జవాబు: చిరునామాలో భాష ముందు, వెర్షన్ తర్వాత రావాలి. పైథాన్ డాక్యుమెంటేషన్ అనువాదాలకు 2017లో రాసిన పెప్ 545 ఈ వరుసనే నిర్ణయించింది. ఫ్రెంచి, జపనీస్, కొరియన్ అనువాదాలు ఆ పద్ధతిలోనే ఉన్నాయి. రీడ్ ద డాక్స్‌లో ఒక్కో భాష ఒక్కో ప్రాజెక్టుగా ఉండి, మూల ప్రాజెక్టుకు అనువాదంగా జతపడుతుంది. మీ తెలుగు ప్రతి అప్పుడు మూల చిరునామా కిందనే, టీఈ అనే భాషా సంకేతంతో కనిపిస్తుంది.

మూలపాఠం ఫైళ్లను నకలు తీసి నేరుగా తెలుగులో తిరగరాయవద్దు. గెట్‌టెక్స్ట్ అనే అనువాద పద్ధతిలో ప్రతి పేరాను పీఓ అనే అనువాద ఫైలులోకి తీసి, దాని పక్కన తెలుగు రాయండి. మూలంలో ఒక పేరా మారితే ఆ ఒక్కటే తిరిగి చూడమని గుర్తుపడుతుంది. మారనివి కొత్త వెర్షన్‌కు వాటంతట అవే వస్తాయి. అయినా నాలుగు వెర్షన్లను తెలుగులో నడపాలనుకోవద్దు. స్టేబుల్ ఒక్కదాన్నే అనువదించండి. అనువాదం కాని పేరాలు అక్కడ ఇంగ్లీషులోనే కనిపిస్తాయి, అందులో నామోషీ ఏమీ లేదు.

ప్రచురించే ముందు శోధన పెట్టెను తెలుగు మాటలతో తప్పక పరీక్షించండి. స్ఫింక్స్‌కు తెలిసిన శోధన భాషల జాబితాలో తెలుగు లేదు. మాటలను విడగొట్టేందుకు పైథాన్‌లో వాడే సాధారణ సూత్రం మన గుణింతపు గుర్తులను అక్షరాలుగా లెక్కించదు. తెలుగు అనే మాటను ఆ సూత్రానికి ఇస్తే, ఎత్వమూ కొమ్ములూ రాలిపోయి త, ల, గ అనే మూడు ముక్కలు మిగులుతాయి. కనుక అధ్యాయాల శీర్షికలు స్పష్టంగా ఉండేలా, విషయసూచిక వివరంగా ఉండేలా చూసుకోండి. మీ పాఠకులు ఎక్కువగా దాని మీదే ఆధారపడతారు.

పీడీఎఫ్ విషయానికి వస్తే, స్ఫింక్స్ మామూలుగా పీడీఎఫ్‌లాటెక్ అనే పీడీఎఫ్ తయారీ ఇంజిన్‌ను పిలుస్తుంది. దానితో తెలుగు రాదు. అమరికలలో ఇంజిన్‌ను జీలాటెక్‌కు మార్చి, నోటో సెరిఫ్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటును పేర్కొనండి. కోడ్ భాగాలకు వేరే ఫాంటు ఉంటుంది కనుక, కోడ్‌లోని వ్యాఖ్యలను తెలుగులో రాసి ఉంటే ఆ ఫాంటులో అక్షరాలు లేక ఖాళీ గళ్లు వస్తాయి. ప్రింటుకు పంపేముందు ఒక్క కోడ్ పేజీనైనా పెద్దది చేసి చూడండి. పీడీఎఫ్ మొదటి పుట మీద వెర్షన్ సంఖ్య, బిల్డ్ అయిన తేదీ రెండూ ఉండాలి, ఎందుకంటే కాగితం మీదకు ఎక్కిన ప్రతికి ఎంపిక పెట్టె ఉండదు.